జంతువుల దత్తత

జంతువుల దత్తత అనగా యజమానులు వదిలివేసిన, హింస నుండి లేదా అక్రమ రవాణా నుండి తప్పించబడిన, లేక ఆలయాలకు మొక్కుగా సమర్పించబడిన జంతువును ఆశ్రయ కేంద్రం నుండి గాని గోశాల నుండి గాని తీసుకొని, దాని జీవితాంతం పోషించే బాధ్యతను ఒక వ్యక్తి లేదా కుటుంబం స్వీకరించడం. పట్టణాలలో దత్తతకు వచ్చేవి ఎక్కువగా కుక్కలు, పిల్లులు. తెలుగు పల్లెలలో ఈ సమస్య ముఖ్యంగా కోడెదూడలకు, ఒట్టిపోయిన ఆవులకు సంబంధించినది. తెలంగాణలోని రాజన్న సిరిసిల్ల జిల్లా వేములవాడలో రాజరాజేశ్వరస్వామికి భక్తులు సమర్పించే కోడెలను రైతులకు అప్పగించడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఆశ్రయ కేంద్రంలో స్థలం, మేత, సిబ్బంది పరిమితంగా ఉంటాయి. ఒక జంతువు కొత్త ఇంటికి వెళితేనే మరొక జంతువుకు చోటు దొరుకుతుంది. అయితే తొందరపడి అప్పగించిన జంతువు తిరిగి వీధిపాలు కావచ్చు, సంతకు చేరవచ్చు, వధశాలకు కూడా పోవచ్చు. దత్తతలో ఎదురయ్యే ఇబ్బందులలో చాలా భాగం ఈ రెండింటి మధ్య పుట్టినవే.

పదము, అర్థము

తెలుగులో దత్తత అనే మాట మొదట సంతానానికి సంబంధించినది. జంతువుల విషయంలో దీనిని రెండు అర్థాలలో వాడుతున్నారు. మొదటిది జంతువును ఇంటికి తెచ్చుకొని సాకడం. రెండవది జంతువు ఉన్నచోటనే ఉండగా దాని పోషణ ఖర్చును భరించడం. 1963లో ప్రారంభమైన హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పులిని, ఏనుగును దత్తత తీసుకున్నారని వార్తలలో వచ్చేది ఈ రెండవ రకం. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి రకం దత్తత గురించినది.

చరిత్ర

పూర్వం తెలుగు గ్రామాలలో దిక్కులేని పశువుల కోసం కొన్ని ఏర్పాట్లు ఉండేవి. పొలాలలో పడి పంట మేసిన పశువులను బందెలదొడ్డిలో కట్టివేసి, యజమాని అపరాధ రుసుము చెల్లించిన తరువాత విడిచిపెట్టేవారు. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం దీనికి ఆధారం. ఎవరూ వచ్చి అడగని పశువులను వేలం వేసేవారు. దేవుని పేర అచ్చువేసి వదిలిన ఆంబోతును ఊరంతా కలిసి పోషించేది. "అచ్చోసిన ఆంబోతు" అనే జాతీయం ఈ ఆచారం నుండి వచ్చినదే. ఆ ఆంబోతు ఊరి ఆవులకు విత్తనపు గిత్తగా ఉపయోగపడేది కనుక దాని మేతను ఎవరూ భారంగా తలచేవారు కాదు.

ఆధునిక ఆశ్రయ కేంద్రాలకు ఐరోపా నగరాలు ఆరంభస్థానం. జంతుహింస నివారణకు 1824లో లండనులో ఒక సంఘం ఏర్పడింది. 1860లో మేరీ టీల్బీ అనే మహిళ అదే నగరంలో దారితప్పిన కుక్కల కోసం ఒక ఆశ్రయాన్ని స్థాపించింది. 1871లో బాటర్సీ ప్రాంతానికి మారిన ఈ సంస్థ నేటికీ కుక్కలను, పిల్లులను దత్తతకు ఇస్తున్నది. భారతదేశంలో మొదటి జంతుహింస నివారణ సంఘం 1861లో కలకత్తాలో ఏర్పడింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పాటయింది. ప్రముఖ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ దీని మొదటి అధ్యక్షురాలు.

తెలుగు రాష్ట్రాలలో నటి అక్కినేని అమల 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్ సంస్థను ప్రారంభించింది. 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ విశాఖ జంతు సంరక్షణ సంఘాన్ని స్థాపించాడు. గాయపడిన జంతువులకు చికిత్స చేయడం, వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయడం, కోలుకొన్న జంతువులకు ఇళ్ళు వెదకడం ఇటువంటి సంస్థల ముఖ్యమైన పనులు.

వేములవాడ కోడెలు

వేములవాడ రాజన్న ఆలయంలో కోడె మొక్కు ప్రత్యేకమైన ఆచారం. కోరిక నెరవేరిన భక్తులు సంప్రదాయం ప్రకారం కోడెను పట్టుకొని ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసి, దానిని కట్టివేసి మొక్కు చెల్లిస్తారు. ఎక్కువమంది రుసుము చెల్లించి ఆలయం వారి కోడెతోనే ఈ మొక్కు తీర్చుకొంటారు. మరికొందరు తమ ఇంటి కోడెను తెచ్చి స్వామికి వదిలివేస్తారు. మేడారం జాతరకు ముందు రాజన్నను దర్శించుకోవడం ఆనవాయితీ కావడంతో ఆ రోజులలో రద్దీ మరింత పెరుగుతుంది.

ఇలా సమర్పించిన కోడెలను ఆలయానికి చెందిన తిప్పాపూర్ గోశాలలో ఉంచుతారు. మొక్కులు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. గోశాల వైశాల్యం మాత్రం పెరగదు. కోడెలను ఎప్పటికప్పుడు బయటకు పంపకపోతే సంఖ్య సామర్థ్యాన్ని మించిపోతుంది. ఇరుకైన చోట బలమైన కోడెలు మేతను ఆక్రమిస్తాయి. తల్లిపాలు మరువని చిన్న దూడలు వెనుకబడి నీరసిస్తాయి. వానాకాలంలో నేల బురదగా మారి పడుకొనే చోటు లేక వ్యాధులు ప్రబలుతాయి. గాలికుంటు, గొంతువాపు వంటి అంటువ్యాధులు ఒక పశువుకు సోకితే మందకంతటికీ వ్యాపించే ప్రమాదం ఉంటుంది.

కోడెలను రైతులకు అప్పగించడం ఈ సమస్యకు ఒక పరిష్కారం. కోడెకు వ్యక్తిగత సంరక్షణ లభిస్తుంది, రైతుకు ఖర్చులేకుండా ఎద్దుల జత దొరుకుతుంది, గోశాలపై భారం తగ్గుతుంది. సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట, ముస్తాబాద్, ఎల్లారెడ్డిపేట వంటి మండలాలు వ్యవసాయ ప్రధానమైనవి. గంభీరావుపేట మండలంలోని నర్మాల వద్ద మానేరుపై ఎగువ మానేరు జలాశయం ఉంది. వరి పండే చోట గడ్డి లభిస్తుంది కనుక పశుపోషణకు ఇటువంటి ప్రాంతాలు అనుకూలమైనవి. అయితే కోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డి పొలంలోనే చెదరిపోతున్నది. దానిని కట్టలు కట్టించి ఇంటికి చేర్చడం రైతుకు అదనపు ఖర్చు.

ఈ పద్ధతిలో తీవ్రమైన లోపం తీసుకొన్నవారు కోడెలను అమ్ముకోవడం. ఉచితంగా లభించిన కోడెకు కూడా సంతలో ధర పలుకుతుంది. వేములవాడ నుండి తరలించిన కొన్ని కోడెలను అమ్ముకున్నారన్న ఆరోపణలు 2024లో వచ్చాయి. ఈ విషయమై వరంగల్ జిల్లా గీసుకొండలో పోలీసు కేసు నమోదైంది. దేవునికి మొక్కిన జీవం వధకు పోవచ్చుననే భయం భక్తులలో ఆందోళన కలిగించింది.

2025 మే నెలాఖరు, జూన్ నెలలలో తిప్పాపూర్ గోశాలలో కోడెల వరుస మరణాలు రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. దీని తరువాత పశువైద్యులను రప్పించి చికిత్సలు చేయించారు. జిల్లా యంత్రాంగం కోడెలను రైతులకు ఉచితంగా పంపిణీ చేసింది. ఈసారి పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతులకు మాత్రమే, అదీ జత చొప్పున ఇచ్చే పద్ధతిని పాటించారు. ఒకే వ్యక్తికి పెద్ద సంఖ్యలో ఇవ్వకపోవడం, భూమి ఉన్నదని నిర్ధారించుకోవడం ఇందులోని ముఖ్యాంశాలు. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గోశాలల నిర్వహణకు ఒక విధానాన్ని రూపొందించాలని నిర్ణయించి అధికారుల కమిటీని నియమించింది. విశాలమైన గోశాలలను నిర్మించదలచిన ప్రదేశాలలో వేములవాడ, యాదగిరిగుట్ట ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లోని సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి కూడా భక్తులు కోడెదూడలను సమర్పిస్తారు. అక్కడ కూడా పాలు మరువని దూడలను వదిలివెళ్ళడం, వాటి మరణాలు, రైతులకు అప్పగింత వంటి సమస్యలు ఎదురయ్యాయి.

కోడెలు మిగిలిపోవడానికి కారణాలు

ఒకప్పుడు కోడెదూడ పుట్టడం రైతుకు సంతోషం కలిగించేది. రెండున్నర, మూడేళ్ళ వయసులో విత్తులు నొక్కించి, కాడికి అలవాటు చేస్తే అది పదేళ్ళ వరకు దుక్కి దున్నేది, బండి లాగేది. ట్రాక్టర్ల వాడకం పెరిగిన తరువాత ఎద్దుల అవసరం తగ్గింది. పాల దిగుబడి కోసం జెర్సీ, హోల్‌స్టీన్ జాతులతో సంకరం చేసిన ఆవులకు పుట్టే కోడెలకు మూపురం సరిగా ఉండదు, ఎండకు తట్టుకోలేవు. వీటిని అరకకు కట్టడానికి రైతులు ఇష్టపడరు. ఒంగోలు, పొడ తూర్పు వంటి దేశవాళీ జాతుల కోడెలకు కొంత గిరాకీ ఉంది. అందువలన గోశాల నుండి పంపిణీ జరిగేటప్పుడు పనికివచ్చే దేశవాళీ కోడెలు ముందుగా వెళ్ళిపోయి, సంకరజాతి కోడెలు, కుంటివి, ముసలివి మిగిలిపోతాయి. ఆడదూడలు మాత్రమే పుట్టే అవకాశాన్ని పెంచే లింగ నిర్ధారిత వీర్యం ఇప్పుడు లభిస్తున్నది. దీని వాడకం పెరిగితే పుట్టే కోడెల సంఖ్య కొంత తగ్గుతుంది.

ఎదిగిన పశువుకు రోజుకు సుమారు 15 నుండి 20 కిలోల పచ్చిమేత, 5 నుండి 6 కిలోల ఎండుగడ్డి అవసరం. పని చేయని పశువుకు ఈ ఖర్చు పెట్టడం చిన్న రైతుకు కష్టం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో యజమాని లేని పశువులు సుమారు 50 లక్షలు, వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు.

కుక్కలు, పిల్లులు

నగరాలలో దత్తతకు వచ్చే కుక్కలు రెండు రకాలు. మొదటివి వీధిలో పుట్టిన దేశవాళీ కుక్కపిల్లలు. రెండవవి కొని పెంచుకొని, తరువాత వదిలివేసిన విదేశీ జాతి కుక్కలు. ఇల్లు మారడం, విదేశాలకు వెళ్ళడం, ఇంట్లో బిడ్డ పుట్టడం, అద్దె ఇంటి యజమాని ఒప్పుకోకపోవడం, వైద్యపు ఖర్చు పెరగడం మొదలైనవి వదిలివేయడానికి సాధారణంగా చెప్పే కారణాలు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో ఆహారం వెదుక్కోవడం గాని, వాహనాలను తప్పించుకోవడం గాని తెలియదు. అది వీధిలో ఎక్కువకాలం బ్రతకడం కష్టం.

ప్రజల అభిప్రాయం కూడా దత్తతపై ప్రభావం చూపుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించడం ప్రజలలో భయాన్ని, ఆగ్రహాన్ని కలిగించింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటి పెంపకానికి అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు లేఖ పంపింది. కర్ణాటక ఉన్నత న్యాయస్థానం ఆ లేఖను 2024 ఏప్రిల్‌లో కొట్టివేసింది. మరొకవైపు దేశవాళీ కుక్కపిల్లల దత్తతను ప్రోత్సహించడానికి హైదరాబాదు మహానగరపాలక సంస్థ 2025 ఆగస్టు 17న బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దత్తత మేళాను నిర్వహించింది.

దత్తత విధానం

బాధ్యతగల ఆశ్రయ కేంద్రాలు సాధారణంగా ఈ క్రింది పద్ధతిని పాటిస్తాయి.

* పరీక్ష, ప్రత్యేక వసతి: కొత్తగా వచ్చిన జంతువును మిగిలినవాటితో కలపకుండా సుమారు రెండు వారాలు విడిగా ఉంచుతారు. ఇది కుక్కపిల్లలకు చాలా అవసరం. పార్వో వైరస్ సోకిన పిల్ల రక్తవిరేచనాలతో కొద్ది రోజులలోనే చనిపోవచ్చు.
* టీకాలు: కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేసి, తరువాత పశువైద్యుని సలహా ప్రకారం కొనసాగిస్తారు. నులిపురుగుల మందు కూడా ఇస్తారు.
* సంతాన నిరోధక శస్త్రచికిత్స: వయసు వచ్చిన జంతువుకు దత్తతకు ముందే చేస్తారు. పిల్లలను తీసుకొన్నవారి నుండి తరువాత చేయిస్తామని హామీ తీసుకొంటారు.
* విచారణ: ఇంటిలోని వారందరికీ ఇష్టమా, సొంత ఇల్లా అద్దె ఇల్లా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరికి వెళితే ఎవరు చూస్తారు అని అడుగుతారు. పశువుల విషయంలో భూమి, కొట్టం, నీరు, మేత ఉన్నాయో లేదో చూస్తారు.
* ఒప్పంద పత్రం: అమ్మరాదు, ఇతరులకు ఇవ్వరాదు, పోషించలేకపోతే తిరిగి కేంద్రానికే అప్పగించాలి అనే షరతులు ఉంటాయి.
* పర్యవేక్షణ: కొంతకాలం ఫోను ద్వారా, ఛాయాచిత్రాల ద్వారా, లేక స్వయంగా వెళ్ళి జంతువు యోగక్షేమాలు తెలుసుకొంటారు. పశువులకు చెవిపోగు వేస్తే గుర్తించడం సులభం.

అన్నింటికన్నా తక్కువగా జరిగేది పర్యవేక్షణ. సిబ్బంది కొరత వలన చాలా కేంద్రాలు దీనిని కొనసాగించలేకపోతాయి. అప్పగించిన కోడె ఆరు నెలల తరువాత ఎక్కడ ఉన్నదో తెలియకపోతే ఆ దత్తత ఫలించినదో లేదో చెప్పడం సాధ్యం కాదు.

కొత్త ఇంటిలో సర్దుబాటు

ఆశ్రయం నుండి వచ్చిన కుక్క విషయంలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అనే స్థూలమైన లెక్క ఉన్నది. మొదటి మూడు రోజులు అది బెదురుగా ఉండి మంచం క్రిందనో మూలనో దాక్కొంటుంది. సరిగా తినకపోవచ్చు. మూడు వారాలలో ఇంటి వేళలకు అలవాటు పడుతుంది. ఇల్లు తనదనే నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఇది అన్నిటికీ ఒకేలా వర్తించదు. దెబ్బలు తిన్న జంతువు కర్రను, చీపురును చూసినా వణకవచ్చు. ఇంట్లో మూత్రవిసర్జన చేయడం, వస్తువులు కొరకడం, రాత్రిళ్ళు మూలగడం ఈ దశలో సహజం. వీటిని చెడు స్వభావంగా భావించి మొదటి వారంలోనే తిప్పిపంపే వారున్నారు.

కోడెల విషయంలో కూడా ఇటువంటి దశ ఉంటుంది. మందలో ఉన్న కోడె ఒంటరిగా కట్టివేసినప్పుడు బెదురుతుంది. మేత ఒక్కసారిగా మారితే కడుపుబ్బరం వస్తుంది. ఆకలితో ఉన్న పశువుకు బియ్యం, దాణా ఎక్కువగా పెట్టడం ప్రాణాంతకం. పట్టణాలలో తిరిగిన పశువుల కడుపులో ప్లాస్టిక్ సంచులు పేరుకొని ఉండవచ్చు. అటువంటి పశువు మేత ఉన్నా చిక్కిపోతుంది. శస్త్రచికిత్సతో తప్ప వాటిని తొలగించడం సాధ్యం కాదు.

తిప్పిపంపడం

దత్తత ఇచ్చిన జంతువు తిరిగి రావడం అన్ని దేశాలలోనూ ఉన్నది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో ఇంట్లో ఒంటరితనం వలన చాలామంది కుక్కలను తెచ్చుకొన్నారు. కార్యాలయాలు తెరచిన తరువాత వాటిలో కొన్ని తిరిగి ఆశ్రయాలకు చేరాయి. పండుగ కానుకగా కుక్కపిల్లను ఇచ్చే అలవాటుకు వ్యతిరేకంగా బ్రిటన్‌లో 1978 నుండి ప్రచారం జరుగుతున్నది. తెలుగు నగరాలలో కూడా పిల్లల పుట్టినరోజుకు కుక్కపిల్లను తెచ్చి, అది పెరిగి పెద్దదైన తరువాత బరువుగా భావించే కుటుంబాలు ఉన్నాయి.

తిరిగి వచ్చిన జంతువును వైఫల్యంగా మాత్రమే చూడరాదని జంతు సంక్షేమ కార్యకర్తల అభిప్రాయం. వీధిలో వదలడం కన్నా కేంద్రానికి అప్పగించడం మేలు. పిల్లలతో అది ఎలా మెలిగింది, ఇతర జంతువులను చూసి ఏమి చేసింది వంటి వివరాలు రెండవసారి తగిన ఇంటిని వెదకడానికి ఉపయోగపడతాయి. తిప్పి ఇచ్చినవారిని నిందిస్తే ఇతరులు కేంద్రానికి రాకుండా జంతువును ఊరి బయట వదిలివేసే ప్రమాదం ఉంది.

చట్టాలు

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలివేయడం నేరం. అయితే మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు మాత్రమే. జంతువును చంపడం, అంగవైకల్యం కలిగించడం 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద నేరం. కేసులో పట్టుబడిన పశువుల సంరక్షణకు 2017లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. కేసు తేలేవరకు ఆ పశువులు గోశాలలో ఉండవలసిరావడంతో వాటిని వెంటనే దత్తతకు ఇవ్వడం కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చేసిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవులను, దూడలను వధించడాన్ని నిషేధిస్తుంది. ఎద్దుల వధకు అవి పనికిరావనే ధ్రువపత్రం ఉండాలి.

వీధికుక్కల విషయంలో 2001 నాటి నియమాల స్థానంలో 2023 మార్చిలో జంతు సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి. 2025 ఆగస్టు 22న ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు, దత్తత తీసుకోదలచినవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని, అలా తీసుకొన్న కుక్క తిరిగి వీధికి రాకుండా చూడవలసిన బాధ్యత వారిదేనని పేర్కొన్నది. 2025 నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు స్టేషన్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి కుక్కలను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. ఆశ్రయాలలో చేరే కుక్కల సంఖ్య పెరిగేకొద్దీ దత్తత అవసరం మరింత పెరుగుతుంది.

దత్తతకు వీలుకాని జంతువులు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకలు, నక్షత్ర తాబేళ్ళు వంటి వన్యప్రాణులను ఇళ్ళలో పెంచడానికి వీలులేదు. రక్షించిన వన్యప్రాణిని అటవీశాఖకు అప్పగించాలి. సింహాలు, పులులు, ఎలుగుబంట్లు మొదలైనవాటిని ప్రదర్శించడాన్ని ప్రభుత్వం 1998లో నిషేధించింది. ఆ తరువాత సర్కస్‌ల నుండి తీసుకొన్న సింహాలు, పులుల కోసం విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల వద్ద రక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. బోనులలో పుట్టిపెరిగిన ఆ జంతువులు అడవిలో బ్రతకలేవు కనుక జీవితాంతం అక్కడే ఉన్నాయి. తెలంగాణలో 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైనది. ఇక్కడ కోతులకు శస్త్రచికిత్స చేసి తిరిగి విడిచిపెడతారు.

భిన్నాభిప్రాయాలు

ఆలయాలకు కోడెలను సమర్పించడం విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఇది తరతరాల విశ్వాసమని, లోపం నిర్వహణలోనే ఉన్నదని కొందరు భావిస్తారు. పాలు మరువని దూడలను స్వీకరించరాదని, మొక్కును ఆలయ కోడెతోనే తీర్చుకొని మేతకు విరాళం ఇవ్వడం మేలని మరికొందరి సూచన. పంపిణీ విషయంలో కూడా కఠిన నియమాలు కావాలనేవారు, నియమాలు పెరిగితే కోడెలు గోశాలలోనే చనిపోతాయనేవారు ఉన్నారు. జత చొప్పున, భూమి ఉన్న రైతులకు, చెవిపోగు వేసి ఇవ్వడం ఈ రెండు వాదాలకు మధ్యేమార్గం. ఊరి పశువైద్యశాలకు వచ్చినప్పుడు ఆ కోడెను గుర్తించి నమోదు చేస్తే పర్యవేక్షణకు అదనపు ఖర్చు కూడా ఉండదు.

ఇవి కూడా చూడండి

* వేములవాడ
* గంభీరావుపేట మండలం
* సింహాచలం
* గోశాల
* ఒంగోలు గిత్త
* రేబిస్
* అక్కినేని అమల